లంబూ సార్ ఆఖరి మ్యాచ్‌కి హఫర్ అల్ బాతిన్ దాకా

శుక్రవారం పొద్దున ఆరున్నరకి రియాద్ అజీజియా బస్టాండులో హఫర్ అల్ బాతిన్ బస్సెక్కాను. టికెట్టు ముందురోజు సాయంత్రమే కొనిపెట్టుకున్నాను. ఒకవైపుకి నూట ఇరవై రియాళ్లు. ఇఖామా, అంటే నివాస అనుమతి కార్డు, చూపించనిదే టికెట్టు ఇవ్వరు, దారిలో చెక్‌పోస్టు దగ్గర మళ్లీ అడుగుతారు కాబట్టి వెళ్లేవాళ్లు దాన్ని పైజేబులోనే ఉంచుకోవడం మంచిది. జనవరి నెల. సౌదీలో చలేమిటని నవ్వేవాళ్లు ఒకసారి ఈ నెలలో ఉత్తరం వైపు వెళ్లి చూడాలి. నేను స్వెట్టరు మీద కోటు వేసుకుని, మా ఆవిడ నూర్జహాన్ అల్లిచ్చిన మంకీ క్యాప్ పెట్టుకుని కూర్చున్నాను.

ఈ ప్రయాణం బుధవారం నాడు వచ్చిన ఒక ఫోనుతో మొదలైంది. చేసింది ఖాజా. హఫర్‌లో నేను పనిచేసిన పాత కంపెనీలో ఎలక్ట్రీషియన్, నల్గొండ వాడు.

“వలీ భాయ్, లంబూ సార్‌కి ఎగ్జిట్ కొట్టిన్రు. శనివారం వాళ్ల దేశం పోతుండు. శుక్రవారం అసర్ నమాజ్ అయినంక మ్యాచ్ పెట్టినం. సార్ కూడా ఆడుతుండు. నువ్వు రాకుంటే మంచిగుండదు, చెప్తున్న.”

“ఆడతాడా? ఆ మోకాలితోనా?” అన్నాను.

“అదే కదా చూడాల్సింది!” అని పెట్టేశాడు.

లంబూ సార్ అసలు పేరు కాలిన్. ఆస్ట్రేలియా ఆయన. ఆరడుగుల నాలుగంగుళాల పొడవు, అందుకే క్యాంపంతా లంబూ సార్ అనేది. మా కంపెనీలో సేఫ్టీ మేనేజరు. నేనక్కడ ఐదేళ్లు టైమ్‌కీపరుగా ఉన్నాను. తర్వాత నితాఖాత్ వచ్చింది. సౌదీలను తగినంతమందిని పెట్టుకోని కంపెనీలను ఎరుపు వరుసలో వేశారు. మాది ఎరుపులో పడింది, ఇఖామాలు రెన్యువల్ కావన్నారు. ఎరుపు కంపెనీ వాళ్లు స్పాన్సరు అయిన కఫీల్ ఒప్పుకోకపోయినా వేరే కంపెనీకి మారవచ్చని తెలిశాక, మూడు సాయంత్రాలు నా పక్కన కూర్చుని ఇంగ్లీషులో నా బయోడేటా రాసిపెట్టింది లంబూ సారే. “టైమ్‌కీపర్ అని రాస్తే ఎవడూ పిలవడు వలీ. నాలుగు వందలమంది లెక్క తప్పకుండా చూశావు, అది రాయాలి,” అన్నారు. ఆ కాగితంతోనే రియాద్‌లో నాకు ఆఫీసు ఉద్యోగం వచ్చింది. ఆ ఉద్యోగంతోనే భార్యనూ కూతురినీ తెచ్చుకోగలిగాను. అలాంటి మనిషి వెళ్లిపోతుంటే రియాద్‌లో కూర్చుని ఫోనులో బై చెప్పడానికి మనసొప్పలేదు.

రియాద్ దాటాక నూర్జహాన్‌కి ఫోను చేసి బస్సు బయల్దేరిందని చెబుతున్నాను. ముందు సీటులో ఉన్న ఆవిడ వెనక్కి తిరిగింది.

“అన్నయ్యగారూ, మీరు తెలుగువారాండీ? హమ్మయ్య! మాది పాలకొల్లు దగ్గరండి. నర్సునండి.”

పేరు సుజాత. రియాద్ ఆస్పత్రి నుంచి హఫర్‌కి బదిలీ చేశారు. ఒళ్లో ఆవకాయ సీసా ఉంది. లగేజీలో పెడితే పగులుతుందని మోసుకొస్తోంది.

“హఫర్‌లో మనవాళ్లు ఉంటారాండీ?”

“ఉండారమ్మా. మీ ఆస్పత్రిలోనే తెలుగు నర్సులు నలుగురైదుగురు ఉండారు.”

“మరి చేపలు దొరుకుతాయాండీ?”

“దొరుకుతాయి గానీ, మీ గోదారోళ్లకు నచ్చేటివి కావు,” అన్నాను. ఆవిడ ముఖం చిన్నబోయింది. తర్వాత తానే నవ్వేసింది.

తొమ్మిదింటికి మజ్మా దగ్గర పెట్రోలు బంకులో ఆపారు. తందూరు నుంచి అప్పుడే తీసిన తమీస్ రొట్టె, గిన్నెడు చిక్కుడు గింజల ఫూల్, గాజు గ్లాసులో టీ. ఆ చలిలో అంతకంటే మంచి టిఫిను ఉండదు. బంకులో పఠాన్ హోటలు ముందుండే రొట్టె వరుసలోనే నిలబడండి. కౌంటరు దగ్గర ప్లాస్టిక్ కవర్లో దొరికేది నిన్నటిది.

మళ్లీ బస్సెక్కాక సుజాత నేనెందుకు వెళ్తున్నానో అడిగింది. ఆస్ట్రేలియా ఫుట్‌బాల్ మ్యాచ్ చూడ్డానికని చెప్పాను.

“ఫుట్‌బాలంటే అందరూ ఆడేదేనాండీ?”

“కాదమ్మా. ఇది వేరే. బంతి గుండ్రంగా ఉండదు, కోడిగుడ్డు మాదిరి ఉంటుంది. కాలితో తన్నొచ్చు, చేత్తో పట్టుకుని పరిగెత్తొచ్చు. పక్కవాడికి ఇయ్యాలంటే మాత్రం విసరకూడదు, పిడికిలితో గుద్దాల. గాల్లో బంతి పట్టుకోడానికి ముందున్నోడి వీపెక్కినా తప్పు కాదు.”

“వీపెక్కినా తప్పు కాదా! ఏం ఆటండీ బాబూ!”

ఆ ఆటలో లంబూ సార్ నిజంగానే పెద్దస్థాయి ఆటగాడు. విక్టోరియా రాష్ట్రంలో పడమటివైపు గోధుమ పొలాల మధ్య ఒక చిన్న ఊరు ఆయనది. పద్దెనిమిదేళ్లకి మెల్‌బోర్న్‌లో ఒక పెద్ద క్లబ్బు పిలిచింది. ఎనిమిదేళ్లలో అరవై మూడు మ్యాచ్‌లు ఆడారు. ఆయన స్థానం తమ జట్టు గోలు ముందు. అవతలి జట్టులో గోల్సు కొట్టే మొనగాడి వెనకే అంటిపెట్టుకుని ఉండి, వచ్చిన ప్రతి బంతినీ గుద్ది అవతలికి పంపడం పని. మైదానంలో గోలు కొట్టే వైపు ఆయన అడుగు పెట్టిందే తక్కువ. “అరవై మూడు మ్యాచ్‌లు, గోల్సు సున్నా, పాయింట్లు సున్నా. పుస్తకాల్లో నా పేరు పక్కన అదే ఉంటుంది,” అని క్యాంపులో ఎన్నోసార్లు నవ్వుతూ చెప్పారు. ఇరవయ్యారేళ్లకి మోకాలు దెబ్బతింది. ఆ తర్వాత గనుల్లో సేఫ్టీ పని నేర్చుకుని, చివరికి సౌదీ చేరారు.

ఇదంతా విని సుజాత చేతిసంచి వెతికి రెండు క్రేప్ బ్యాండేజీలు తీసింది.

“ఆయనకి ఎన్నేళ్లండీ?”

“యాభై రెండు.”

“ఇవి ముందే కట్టుకోమనండి, పడ్డాక కాదు. కింద నుంచి పైకి చుట్టాలి. ఆట అయ్యాక ఐసు పెట్టమనండి. నేను చెప్పానని గట్టిగా చెప్పండి,” అంది. ఎవరో ఏమిటో తెలియని మనిషి కోసం అంత శ్రద్ధగా చెప్పింది.

అర్తావియా దాటాక దారి బాగుంటుంది. పది రోజుల కిందట పడిన వానకి ఎడారి మీద పలుచగా పచ్చదనం పరుచుకుంది. రోడ్డుకి దూరంగా సౌదీ కుటుంబాలు గుడారాలు వేసుకుని మంటలు పెట్టుకున్నారు. నల్ల ఒంటెల మంద ఒకటి బస్సుతో పాటు కాసేపు నడిచింది. పగటిపూట బస్సులోనే వెళ్లండి, కుడివైపు కిటికీ తీసుకోండి. ఉమ్ అల్ జమాజిమ్ దగ్గర జుమా నమాజుకి ఆగి, ఒకటీ నలభైకి హఫర్ చేరాం. సుజాతని తీసుకెళ్లడానికి ఆస్పత్రి వ్యాను వచ్చింది. అందులోంచి ఒక అమ్మాయి దిగి “అక్కా, ఆవకాయ తెచ్చావా?” అని అడగడం విన్నాక నాకు ఆవిడ గురించి బెంగ తీరింది.

ఖాజా పికప్పు తెచ్చాడు.

“ఏంది భాయ్ గీ టోపీ? కాశ్మీర్ పోతున్నవా?”

“నీ ముఖం, చలికి చస్తాండాను, నడుపు,” అన్నాను.

క్యాంపు ఊరికి ఇరవై నిమిషాల దూరం. నేను వదిలినప్పటికంటే సగం ఖాళీగా ఉంది. పనివాళ్ల తలకి ఇంత అని ప్రభుత్వానికి కట్టాల్సిన లెవీ పెరిగాక చాలామందిని పంపేశారు. మిగిలినవాళ్లు నూటయాభై మంది ఉంటారు. అయినా మెస్సులో శుక్రవారం బిర్యానీ వాసన మాత్రం తగ్గలేదు.

లంబూ సార్ బెంచీ మీద కాలు చాపుకుని కూర్చున్నారు. నన్ను చూడగానే లేచి, నా మంకీ క్యాప్ తీసి తన తల మీద పెట్టుకున్నారు. అది ఆయన నడినెత్తి మీదే ఆగిపోయింది. మెస్సంతా నవ్వు.

ఆయన పక్కన ఒక సౌదీ యువకుడు కూర్చుని చేత్తో బిర్యానీ తింటున్నాడు. పేరు బందర్. పాతికేళ్లుంటాయి. ఊరివాడే. లంబూ సార్ ఉద్యోగం ఇక అతనిది. ఏడాదిగా సారే దగ్గరుండి పని నేర్పారు.

“ఇతను ఇప్పుడు నాకంటే నయం,” అన్నారు సార్. “నేను చూడనివి చూస్తాడు. మొన్న స్కాఫోల్డింగు పరంజాలో వదులుగా ఉన్న ఒక్క క్లాంపు కోసం పనంతా ఆపించాడు. ప్రాజెక్టు మేనేజరు అరిచాడు. ఇతను రిజిస్టరులో ఉన్నదున్నట్టు రాసి చేతికిచ్చాడు.”

బందర్ సిగ్గుపడి ప్లేటులోకి చూశాడు.

నేను బ్యాండేజీలు ఇచ్చి, నర్సమ్మ ఆర్డరు చెప్పాను. సార్ బుద్ధిగా ప్యాంటు మడిచి, కింద నుంచి పైకి చుట్టడం మొదలుపెట్టారు. మోకాలి మీద జానెడు పాత కుట్ల మచ్చ. అప్పుడే నాకు ఇంతకుముందు తెలియని సంగతి చెప్పారు.

“నా ఆఖరి మ్యాచ్ ఏదో నాకు తెలియదు వలీ. మోకాలు నయమవుతుంది, మళ్లీ ఆడతాననుకున్నాను. ఒక మంగళవారం కోచ్ గదిలోకి పిలిచాడు. పది నిమిషాలు మాట్లాడాడు. బయటికి వచ్చేసరికి నా లాకరు మీద పేరు తీసేశారు. మా దగ్గర ఒక ఆటగాడు ఆఖరి మ్యాచ్ ఆడితే తోటివాళ్లు భుజాల మీద ఎక్కించుకుని మైదానం దాటిస్తారు. నాకది జరగలేదని ఏడవను. కానీ ఏది ఆఖరిదో ముందే తెలిస్తే ఇంకొంచెం బాగా ఆడేవాణ్ణి.”

“ఈరోజు తెలుసు కదా సార్,” అన్నాను.

“అదే భయంగా ఉంది,” అని నవ్వారు.

మైదానం క్యాంపు వెనకాల ఉంది. సర్వేయరు కొలిచి జిప్సం పొడితో పెద్ద కోడిగుడ్డు ఆకారం గీశాడు. రెండు చివర్లా స్కాఫోల్డింగు పైపులు పాతారు. మధ్యలో రెండు ఎత్తువి, వాటికి అటూ ఇటూ రెండు పొట్టివి. ఎత్తు పైపుల మధ్య నుంచి బంతి తన్నితే గోలు, ఆరు పాయింట్లు. ఎత్తుదానికీ పొట్టిదానికీ మధ్య నుంచి పోతే, లేదా ఎత్తు పైపుకి తగిలి ఎటు పోయినా, ఒక్క పాయింటే. గురి తప్పినా ఒక పాయింటు ఇచ్చే ఆట ఇదొక్కటే అనుకుంటాను.

మధ్యాహ్నపు అసర్ నమాజు అయ్యాక మూడుంబావుకి ఆట మొదలైంది. ఒకవైపు స్కాఫోల్డింగు గ్యాంగు. అంతా కరీంనగర్, బీహార్ కుర్రాళ్లు, కోతుల్లా ఎగురుతారు. రెండోవైపు మెస్సు, ఎలక్ట్రికల్, ఆఫీసు కలిపి ఒక జట్టు, కెప్టెన్ ఖాజా. పన్నెండేసి మంది. గోలు దగ్గర అంపైరు బందర్. గోలైతే రెండు వేళ్లు, ఒక పాయింటైతే ఒక వేలు చూపించాలి. నన్ను స్కోరు రాయమన్నారు. టైమ్‌కీపరుకి వేరే ఏం పని ఇస్తారు!

నాలుగు భాగాల ఆటలో మొదటి మూడూ స్కాఫోల్డింగు వాళ్లవే. ఒక బీహార్ కుర్రాడు మా వంటవాడి వీపు మీదకి మోకాళ్లతో ఎక్కి బంతి పట్టాడు. వంటవాడు కిందపడి లేచి, “రేపు నీ ప్లేటుల ముక్క ఉండది బిడ్డా!” అని అరిచాడు. బంతి నేల మీద పడితే ఎటు ఎగురుతుందో దానికే తెలియదు. దాని వెనక పన్నెండు మంది అటూ ఇటూ పరిగెడుతుంటే చూసేవాళ్లు కడుపులు పట్టుకున్నారు.

నాలుగో భాగానికి లంబూ సార్ ఖాజా జట్టులో దిగారు. అలవాటుగా మా గోలు వైపు నడవబోతే ఖాజా ఆపాడు.

“నై సార్! ఆజ్ ఉధర్!” అని అవతలి గోలు వైపు చెయ్యి చూపించాడు.

“అక్కడ నాకేం చేయాలో తెలియదు ఖాజా.”

“మాలూమ్ హో జాయేగా సార్!” అన్నాడు, అదే తెలుస్తుందని.

సార్ వెళ్లి అక్కడ కొత్త పెళ్లికొడుకులా నిలబడ్డారు. పది నిమిషాలపాటు ఆయన దగ్గరికి ఒక్క బంతీ రాలేదు. తర్వాత వచ్చిన ఒకటి రెండూ ఆయనే అలవాటు కొద్దీ గుద్ది దూరంగా పంపేశారు. “పకడో సార్, పకడో!” అని పట్టుకోమంటూ మా జట్టంతా నెత్తి కొట్టుకుంది. ఇక మూడు నిమిషాలుందనగా ఖాజా మధ్యలోంచి పొడవుగా తన్నాడు. ఇద్దరు స్కాఫోల్డింగు కుర్రాళ్లు ఎగిరారు. వాళ్ల మధ్యలోంచి రెండు పొడవాటి చేతులు లేచి బంతిని గాల్లోనే పట్టేశాయి. శుభ్రంగా పట్టుకుంటే ఆట ఆగుతుంది, పట్టినవాడికి అడ్డం లేకుండా తన్నే అవకాశం ఇస్తారు.

గోలుకి ముప్పై మీటర్ల దూరం, కాస్త పక్కవాటుగా. ఉత్తరపు గాలి వీస్తోంది. సార్ మేజోళ్లు పైకి లాక్కున్నారు, నాలుగడుగులు వెనక్కి వేశారు, బ్యాండేజీ కట్టిన కాలి మీద బరువు మోపి రెండో కాలితో తన్నారు. బంతి బాగా లేచింది. నేరుగా మధ్యకే వెళ్తోందనుకున్నాం. చివర్లో గాలికి కొంచెం పక్కకి జరిగి, ఎత్తు పైపుకి ఠంగుమని తగిలి, లోపలికే పడింది.

“గోల్! గోల్!” అని నూటయాభై మందీ ఒక్కసారి లేచారు. ఓడిపోయినా పరవాలేదని అవతలి జట్టువాళ్లు కూడా ఎగురుతున్నారు. నేను పెన్ను పట్టుకుని బందర్ వైపు చూశాను.

బందర్ కదల్లేదు. ఖాజా అతని దగ్గరికి పరిగెత్తాడు.

“బాస్, అందర్ గయా! రెండు వేళ్లు చూపియ్యి, నీ కాల్మొక్త!”

బందర్ పైపు వైపు చూశాడు, తర్వాత సార్ వైపు చూశాడు. ముఖం ఎర్రబడింది. అందరికంటే ఎక్కువగా రెండు వేళ్లు ఎత్తాలని ఉన్నది అతనికేనని తెలుస్తూనే ఉంది. చివరికి క్యాంపులో అందరికీ అర్థమయ్యే అరబ్బీలో అన్నాడు. “ఫీ సౌత్. పాయింట్ వాహిద్.” చప్పుడు వినిపించింది, ఒక్క పాయింటే. ఒక్క వేలు ఎత్తి నిలబడ్డాడు.

గోల మొదలైంది. ఇంతలో లంబూ సార్ నేల మీద కూలబడ్డారు. మోకాలు పోయిందేమోనని నేను పుస్తకం పడేసి పరిగెత్తాను. దగ్గరికి వెళ్లి చూస్తే నవ్వుతున్నారు. కళ్ల నీళ్లు తుడుచుకుంటూ నవ్వుతున్నారు. లేచి కుంటుకుంటూ బందర్ దగ్గరికి వెళ్లి, అతన్ని గట్టిగా వాటేసుకున్నారు.

“ఒకటి! నా మొదటి పాయింటు! నువ్వు రెండు వేళ్లు చూపించుంటే ఇదీ నాది అయ్యేది కాదు,” అన్నారు.

ఆట ముగిశాక స్కాఫోల్డింగు వాళ్లు ఆయన్ని భుజాల మీద ఎత్తడానికి వచ్చారు. ఖాజా అందరికీ ముందే చెప్పిపెట్టాడట. బందర్ వెంటనే అడ్డం వచ్చి, అంత బరువుకి నలుగురైనా ఉండాలని, మూడు లెక్కపెట్టాకే ఎత్తాలని రూలు చెప్పాడు. నలుగురూ ఎత్తారు. “బరువులు లేపుడు మాకు కొత్తనా సార్!” అన్నాడు కరీంనగర్ కుర్రాడు. ఎండ వాలుతున్న వేళ జిప్సం గీత దాకా ఆయన్ని మోసుకెళ్లారు. మేం రెండువైపులా నిలబడి చప్పట్లు కొట్టాం. స్కోరు అడుగుతారేమో, మా జట్టు పంతొమ్మిది పాయింట్ల తేడాతో ఓడింది.

శనివారం ఉదయం ఏడింటి బస్సుకి సార్ కూడా నాతోనే వచ్చారు. హఫర్ నుంచి విమానం ఉంది గానీ, ఇన్నేళ్లు ఇక్కడుండి ఈ దారి ఎప్పుడూ పగలు చూడలేదన్నారు. రాత్రి ఐసు పెట్టినా మోకాలు వాచింది. కాలు నడవలోకి చాపుకుని కూర్చున్నారు. దిగేవాళ్లూ ఎక్కేవాళ్లూ విసుక్కోకుండా దాటుకుంటూ వెళ్లారు.

దారిలో నా సంగతి అడిగారు. ఫ్యామిలీ మీద నెలనెలా ఫీజు ఏటేటా పెరుగుతుందంటున్నారని, పరీక్షలు అయ్యాక నూర్జహాన్‌నూ పాపనూ ప్రొద్దుటూరు పంపేస్తున్నానని చెప్పాను. ఆయన “పరీక్షలకి ఇంకా ఎన్ని శుక్రవారాలున్నాయి?” అని అడిగారు. లెక్కపెట్టి తొమ్మిది అన్నాను. “అయితే తొమ్మిది చోట్లకి తీసుకెళ్లు,” అన్నారు. మజ్మా వచ్చేలోపు ఆయన ఫోనులో మ్యాపు తెరిచి మేం తొమ్మిది చోట్లూ రాసుకున్నాం. పచ్చగా ఉన్న ఈ ఎడారే అందులో మొదటిది.

ఆయనకీ ఒక పని ఎదురుచూస్తోంది. వాళ్ల ఊళ్లో ఆడపిల్లల జట్టుకి కోచ్ లేడట, రమ్మన్నారట. “మూడు నెలలకి నన్ను తీసేస్తారేమో,” అన్నారు. తీసేయరని చెప్పాను. ఒకవేళ తీసేస్తే ఆయన బయోడేటా ఈసారి నేను రాసిపెడతానన్నాను. చాలాసేపు నవ్వారు.

హఫర్‌లో చూడ్డానికేముందని అడిగేవాళ్లకి నేను చెప్పగలిగింది ఇంతే. కోటలూ సముద్రమూ లేవు. మనుషులున్నారు. ఎవరు ఎన్నాళ్లుంటారో తెలియని ఆ సంవత్సరాల్లో కూడా, పైపులు పాతి, ముగ్గు వేసి, ఒక మనిషిని నవ్వుతూ సాగనంపగలిగిన మనుషులు. అది చూడ్డానికి రానూపోనూ పద్నాలుగు గంటలు కూర్చున్నా నడుము నొప్పి తెలియలేదు.

రెండుంబావుకి రియాద్ చేరాం. ఆయన విమానానికి ఇంకా టైముంది. బతా బజారులో తెలుగు మెస్సుకి తీసుకెళ్లాను. అసర్ నమాజుకి షట్టరు దించేలోపు లోపలికి దూరిపోయాం. గోంగూర పచ్చడి, పప్పు, వేపుడు. ఆయన గోంగూర రెండోసారి అడిగారు. మెస్సు ఓనరు సుబ్బయ్యది గుంటూరు. ఆ పొడుగు చూసి మా బల్ల దగ్గరే నిలబడిపోయాడు.

“ఎవరండీ ఈ సారు?”

“ఆస్ట్రేలియాలో పెద్ద ఫుట్‌బాల్ ఆటగాడన్నా.”

“అట్టాగా! ఇప్పుడు గూడా ఆడతాడా?”

నేను ఇంగ్లీషులో అడిగాను. సార్ ముద్ద నోట్లో పెట్టుకుని, మోకాలు ఒకసారి తడుముకుని, సుబ్బయ్య వైపు తిరిగారు.

“నిన్ననే ఆడానని చెప్పు.”